ఒక్క పూటకు నీలి బ్యానరు

మా ఊళ్ళో అందరూ అత్తా అని పిలిచే మనిషి నాకు మాత్రం నిజంగానే మేనత్త. మా నాన్నకు స్వయానా చెల్లెలు. కానీ ఆ హక్కు నాకు ఎప్పుడూ పూర్తిగా దక్కలేదు. నేను ఆమె ఇంటికి వెళ్ళేసరికి మంగలి వచ్చి కూర్చుని ఉండేవాడు. ఆయన లేచేలోగా నర్సు కూతురు వచ్చేది. "మ్యూజియం అత్త" అంటే తెలియని ఇల్లు లేదు. సన్నగా, పొట్టిగా ఉంటుంది, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాలేమో అనిపిస్తుంది. పట్టుదలకు వస్తే మాత్రం ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయి ఓడిపోయిన వాళ్ళలో నేనే మొదటిదాన్ని.

మ్యూజియం అంటే పెద్ద భవనం అనుకోకండి. మూతపడ్డ నూలు మిల్లులో ఒకప్పుడు హాజరు వేసే ఆఫీసు అది. కింద రెండు గదులు, పైన ఒక పొడవాటి గది, మధ్యలో ఎక్కినప్పుడల్లా తిట్టిపోసే చెక్కమెట్లు. మిల్లు నడిచే రోజుల్లో అత్త అక్కడే కిటికీ దగ్గర కూర్చుని హాజరు వేసేది. మిల్లు మూతపడ్డాక బడిలో చరిత్ర చెప్పే మాస్టారు ఆ గదులు అడిగి తీసుకుని మ్యూజియం పెట్టారు. అత్త మళ్ళీ అదే కిటికీ దగ్గర కూర్చుని టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. "కుర్చీ మారలేదు, ఉద్యోగం మారింది" అని నవ్వేది.

మాస్టారు చాలా మంచివారు, కానీ అడగడం చేతకాదు. ఇంటింటికీ వెళ్ళి చరిత్ర గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. జనం ఓపికగా విని, మంచినీళ్ళిచ్చి పంపేవారు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మా అమ్మ వాడిన తక్కెడ, మా నాన్న కూర్చున్న కుర్చీ, ఎవరికో ఎలా ఇచ్చేస్తామని వాళ్ళ బాధ. అత్తకు ఆ సంగతి తెలుసు. ఒకరోజు ఆమే బయల్దేరింది.

"ఇచ్చేయమని అడగట్లేదు. మా దగ్గర ఉంచండి. మీకు అవసరం పడ్డ రోజు వచ్చి పట్టుకెళ్ళండి, పని కాగానే తెచ్చి పెట్టండి" అంది ప్రతి ఇంట్లోనూ.

అంతే, మ్యూజియం నిండిపోయింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన నర్సమ్మ తక్కెడ వచ్చింది. వంతెన కట్టకముందు పడవ మీద వేలాడిన లాంతరు వచ్చింది. మంగలి తాతగారి తిరుగుడు కుర్చీ వచ్చింది. వచ్చిన వస్తువులు అక్కడ కుదురుగా ఉండేవి కావు. ఆసుపత్రిలో తూచిన బిడ్డను ఇంటికి తెచ్చి నర్సమ్మ తక్కెడలో మళ్ళీ తూచందే బామ్మలకు నమ్మకం కుదిరేది కాదు. పెళ్ళిరోజు ఫోటో దిగాలంటే పడవవాళ్ళ మనవలకు ఆ లాంతరు పక్కన ఉండాలి. వెళ్ళిన వస్తువు చోట అత్త ఒక అట్టముక్క పెట్టేది. దాని మీద "పని మీద వెళ్ళింది" అని రాసి ఉండేది. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఒక్కోసారి వస్తువుల కన్నా అట్టముక్కలే ఎక్కువ చూసి వెళ్ళేవారు. నాకు ఒళ్ళు మండేది. నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. గోడ మీది ఫ్రేములన్నీ నేను కట్టినవే. అవి ఊరంతా తిరిగి అద్దం పగిలి వస్తే మళ్ళీ నేనే కట్టాలి.

పైగదిలో గోడ మీద ఒక బ్యానరు ఉండేది. మ్యూజియంలో అందరూ ఆగి చూసేది దాన్నే. మిల్లు మూసేస్తామన్నప్పుడు కార్మికులు గేటు ముందు పట్టుకుని నిలబడ్డ ముతక గుడ్డ. దాని మీద నీలిరంగులో "మా పని మాకు కావాలి" అని పెద్ద అక్షరాలు. రాసింది మిల్లు అద్దకం పనిలో ఉన్న మనిషి. ఏళ్ళ తరబడి రంగు తొట్టెల్లో చేతులు ముంచి గోళ్ళు శాశ్వతంగా నీలమైపోయాయి కాబట్టి ఆమెను అందరూ నీలం పెద్దమ్మ అనేవారు. మిల్లు మళ్ళీ తెరుచుకోలేదు. బ్యానరు మాత్రం మిగిలింది.

అది అడగడానికి అత్త వెళ్ళినప్పుడు నీలం పెద్దమ్మ ఒక్కటే షరతు పెట్టిందట.

"నాకు మధ్యలో అక్కర్లేదు చెల్లీ. నేను పోయిన రోజున తెచ్చి నా మీద కప్పాలి. ఒక్క పూట."

"సరే అక్కా, కప్పుతాను" అంది అత్త.

ఆడిన మాట తప్పకూడదంటారు. ఆ మాట అప్పట్లో అంత బరువని ఎవరికి తెలుసు?

మాస్టారు కాలం చేశారు. అత్త ఒక్కతే మ్యూజియం నడిపింది. చివరికి భవనమే చేతులెత్తేసింది. పైగది గోడ బీటలు వారి, లోపల నిలబడితే ఆకాశం కనిపించేది. కూల్చక తప్పదని ఇంజనీరు చెప్పి వెళ్ళాడు. వస్తువులన్నీ ఏ గోడౌనులో మూలపడతాయో అని భయపడుతుండగా యూనివర్సిటీ లైబ్రరీ నుంచి కబురు వచ్చింది. మొత్తం సేకరణ తీసుకుంటామని, ప్రత్యేకంగా గది ఇస్తామని.

లైబ్రేరియన్ నెమ్మదైన మనిషి. చొక్కా మీద ముడత ఉండదు, మాటలో ముడత ఉండదు. ప్రతి వస్తువునూ రెండు చేతులతో, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తాడు. అత్తకు వెంటనే నచ్చాడు. అట్టముక్కలు చూసి ఇవేమిటని అడిగినప్పుడు అసలు సంగతి చెప్పింది.

"అదొక్కటి కుదరదమ్మా. మా దగ్గరికి వచ్చింది బయటికి వెళ్ళదు" అన్నాడు.

"లైబ్రరీ కదా బాబూ మీది? అరువివ్వడమే కదా మీ పని?"

"పుస్తకాలు ఇస్తాం. ఇలాంటివి అక్కడే కూర్చుని చూడాలి."

"అయితే ఇవి రావు" అంది అత్త, టీ గ్లాసు ఆయన ముందుకు జరుపుతూ.

ఆయన కోప్పడలేదు. పైవాళ్ళతో మాట్లాడి చూస్తానన్నాడు. మెత్తబడుతున్నాడని నాకూ అనిపించింది. సరిగ్గా అప్పుడే మా ఊరివాళ్ళు ఒక నిర్వాకం చేశారు.

వస్తువులు యూనివర్సిటీకి వెళ్తున్నాయని ఊరంతా తెలిసిపోయింది. వెళ్ళేముందు ఒకసారి ఇంటికి తీసుకెళ్తామని అందరూ అడిగారు. అత్త కాదనలేదు. వాళ్ళు తెచ్చి ఇచ్చినప్పుడు చూడాలి! మంగలి తిరుగుడు కుర్చీకి వార్నిష్ పట్టించాడు. చిరిగిన సీటు తీసేసి మెరిసే రెగ్జిన్ వేయించాడు. పడవవాళ్ళు లాంతరుకు వెండిరంగు పూశారు. నర్సు కూతురు తక్కెడ పళ్ళేన్ని తోమి తోమి, దాని మీద వాళ్ళమ్మ చెక్కుకున్న గుర్తులు చెరిగిపోయేదాకా తోమింది. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు చేసినట్టు ముస్తాబు చేసి, గర్వంగా తెచ్చి వరుసలో పెట్టారు. అంత పెద్ద చోటికి తుప్పుతో పంపిస్తే పరువేం కావాలి?

నీలం పెద్దమ్మ మధ్యలో అక్కర్లేదన్న మనిషే. ఆమె కూడా కొడుకుని పంపి బ్యానరు తెప్పించుకుంది. "మాకు" అన్న మాట వెలిసిపోయిందని రంగు కలిపి దాని మీద మళ్ళీ దిద్దింది. ఆరాక మడిచి పంపింది.

లైబ్రేరియన్ వచ్చి చూశాడు. కుర్చీ చూశాడు, లాంతరు చూశాడు, తక్కెడ చూశాడు. బ్యానరు విప్పాక బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇందుకేనమ్మా బయటికి పంపకూడదని అన్నది. ఆ తుప్పు, ఆ చిరుగు, ఆ గీతలు, వాటి కోసమే కదా మేము తీసుకుంటున్నది! ఇది చూడండి. కొత్త రంగు తడికి పక్క అక్షరంలోకి పాకింది. ఈ మడత దగ్గర పోగులు తెగిపోయాయి. ఇంకొక్కసారి మడిస్తే రెండు ముక్కలవుతుంది."

ఆయన అరవలేదు. తెగిన పోగులను వేలితో దగ్గరికి చేర్చబోయి ఆగిపోయాడు. అది చూసి నాకు అరిచిన దానికన్నా ఎక్కువ సిగ్గేసింది. అత్త ఆ మడత మీదికి వంగి చాలాసేపు చూసింది. ఎదురు చెప్పలేదు. అయిపోయింది, కుందేలుకు నాలుగో కాలు మొలిచింది అనుకున్నాను.

ఇంటికి వెళ్తూ ఆగలేక అడిగేశాను. "ఆయన చెప్పింది న్యాయమే కదత్తా?"

"న్యాయమే."

"మరి వదిలేయొచ్చు కదా?"

"నేను చెప్పింది కూడా న్యాయమేనే. ఒకరి న్యాయం కోసం ఇంకొకరిది పారేస్తారా ఎవరైనా? రెండూ ఒకే పెట్టెలో పట్టేలా సర్దాలి."

"పట్టకపోతే?"

"పట్టకపోతే సర్దడం రాలేదని అర్థం" అని చరచరా ముందుకు నడిచింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నీలం పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. ఒకే గది, పక్కన వంటకు చిన్న వసారా. పెద్దమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గు వస్తే ఆగేది కాదు. అత్త ఆరోగ్యం అడిగింది, మందులు అడిగింది, కొడుకు పని గురించి అడిగింది.

"చల్లకొచ్చి ముంత దాస్తావేంటి చెల్లీ? దేనికొచ్చావో చెప్పు" అంది పెద్దమ్మ.

"ఆ మాట నుంచి నన్ను విడిచిపెడతావేమో అడుగుదామని వచ్చానక్కా. ఆ గుడ్డ బయటికి తెస్తే చిరిగిపోతుందట. నేనూ చూశాను, నిజమే."

పెద్దమ్మ తన నీలిగోళ్ళ వంక చూసుకుంది. "విడిచిపెట్టను. దాన్ని పట్టుకుని గేటు ముందు నిలబడ్డప్పుడు నా కుడిపక్క మనిషి, ఎడంపక్క మనిషి. వీధి నిండా మనుషులు. ఇప్పుడు చూడు, ఈ మంచం, నేను. పోయే రోజునన్నా వాళ్ళంతా నా మీద ఉన్నట్టుంటుంది కదా."

"పోనీ ఇంటికి తెచ్చేసుకుంటావా? రేపే తెచ్చిస్తా."

"ఎక్కడ పెట్టుకోను? ఆ గోడకు చెమ్మ చూశావా?" గొంతు తగ్గించి అడిగింది. "అక్షరం వెలిసిందని దిద్దాను. తప్పు చేశానా?"

"చేశావు. చేస్తే చేశావు, పక్క అక్షరానిక్కూడా వడ్డించావు" అంది అత్త. పెద్దమ్మ దగ్గుతూనే నవ్వింది. అత్త నవ్వలేదు.

అక్కడి నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్ళాం. అత్త లైబ్రేరియన్ ఎదురుగా కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. కాగితాలు, ఫోటోలు, బట్టలు ఇక బయటికి రావు. అవి ఇచ్చిన ప్రతి ఇంటికీ తనే వెళ్ళి చెప్పి ఒప్పిస్తుంది, ఒప్పుకోనివాళ్ళవి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది. కర్రవీ, ఇనపవీ అడిగినవాళ్ళకు వెళ్తాయి, కానీ నూనె రాసినా, రంగు పూసినా, తోమినా ఆ ఇంటికి మళ్ళీ ఇవ్వరు. ఇవి పెద్ద షరతులే. అత్త నోటి నుంచి ఇవన్నీ వస్తాయని నేను అనుకోలేదు.

"బ్యానరు మాత్రం ఒక్కసారి బయటికి రావాలి" అంది చివరగా.

"ఒక్కసారికి సరే అంటే ఇంకోసారి అడుగుతారమ్మా. నా అనుభవం."

"ఆమె ఒక్కసారే పోతుంది బాబూ."

లైబ్రేరియన్ పెన్సిలు కింద పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. "మడత పెట్టకూడదు కదా, ఎలా తెస్తాం?" అన్నాడు, అత్తతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు.

నేను ఊరుకోవచ్చు కదా! "చెక్కపలక మీద పరిచి, పైన ఇంకో పలక వేసి బిగిస్తే మడత పడదు" అనేశాను. ఇద్దరూ నావైపు తిరిగారు. పలకలు చేయాల్సింది ఎవరో ఆ చూపులోనే తేలిపోయింది.

"జవాబుదారీ ఎవరు?" అడిగాడాయన.

"నేనే."

"మీ తర్వాత?"

"ఇదిగో ఇది, నా మేనకోడలు. మొండితనం నాదే వచ్చింది."

అడకత్తెరలో పోకచెక్కనై తల ఊపాను. ఆయన పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు వద్దన్నారు. మళ్ళీ రాశాడు, ఈసారి స్వయంగా వెళ్ళి కూర్చున్నాడు. చివరికి ఒక్క పూట, ఆమె ఇంట్లో, లైబ్రరీ మనిషి సమక్షంలో అని ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

అత్త ఇచ్చిన మాట ప్రకారం ఇంటింటికీ తిరిగింది. ఇన్నాళ్ళూ నవ్వుతూ తలుపు తీసిన ఇళ్ళే కొన్ని ముఖం మీద తలుపు వేశాయి. "నీ మాట నమ్మి ఇచ్చాం" అన్నారు. ఒకాయన వాళ్ళమ్మ ఫోటోలన్నీ తీసుకెళ్ళిపోయాడు. అత్త వాటిని పాత పత్రికలో పొదివి, తాడు కట్టి, వాకిలి దాకా మోసి ఇచ్చింది. మిగిలినవాళ్ళు గొణుగుతూనే సరేనన్నారు. తర్వాత వ్యాన్లు వచ్చాయి. మంగలి కుర్చీ కొత్త రెగ్జిన్‌తోనే ఎక్కింది. గదులు ఖాళీ అయ్యాక అత్త తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఇంజనీరు చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

నీలం పెద్దమ్మ ఒక సెలవురోజు పొద్దున్నే పోయింది.

కబురు వినగానే నేను లైబ్రేరియన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తాడు. ఏదో పెళ్ళికి వేరే ఊరు వెళ్ళాడట. "వస్తున్నాను, నేను వచ్చేదాకా ఆపండి" అని మాత్రం అన్నాడు. పెద్దమ్మను గదిలో బెంచీ మీద పడుకోబెట్టారు. ఒంటి మీద తెల్లదుప్పటి కప్పారు. మిల్లులో పనిచేసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. మబ్బు కమ్ముకొచ్చింది. శవాన్ని తీసుకెళ్ళే బండి వీధిలో వచ్చి ఆగింది.

"ఇక బయల్దేరదాం, వాన మొదలైతే కష్టం" అన్నారు బంధువులు.

అత్త గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. "వస్తోంది. ఆగండి."

"ఎంతసేపమ్మా? వాళ్ళు వస్తారన్న నమ్మకం ఏంటి?"

"మాటిచ్చారు."

పక్కింటాయన విసుక్కున్నాడు. బండి డ్రైవరు హారన్ కొట్టాడు. అత్త కదల్లేదు. రాకపోతే ఈ మనిషి ఏమైపోతుంది? జీవితమంతా ఒక్క మాట మీద నిలబెట్టుకున్న పేరు ఈ గుమ్మంలోనే పోతుంది. సందు మొదట్లో యూనివర్సిటీ వ్యాను కనిపించేసరికి నేను వీధిలోకి పరుగెత్తాను.

లైబ్రేరియన్ పెళ్ళి బట్టల్లోనే దిగాడు. సహాయకుడితో కలిసి పలకను లోపలికి తెచ్చాడు. గుమ్మం ఇరుకు కావడంతో పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి దాటించాం. పలక అంచును బెంచీకి ఆనించి, గుడ్డను మెల్లగా జరిపి పెద్దమ్మ మీద పరిచాం. గడ్డం నుంచి పాదాల దాకా వచ్చింది. అంచులు రెండు పక్కలా వేలాడాయి. ఆమె దిద్దిన "మాకు" గుండెల మీద పడింది.

ఒక ముసలామె ముందుకొచ్చి గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. వెనకే ఇంకొకామె. వెనకే మిగిలినవాళ్ళు. చేతులు తగలకూడదని లైబ్రేరియన్ చెప్పబోయి, నోరు మూసుకుని, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక బయల్దేరక తప్పలేదు. బండి మళ్ళీ హారన్ కొట్టింది. లైబ్రేరియన్ బెంచీ దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ కొడుకు గుడ్డ అంచు పిడికిట పట్టుకుని ఉన్నాడు.

"సార్, అక్కడి దాకా రానివ్వండి. కాల్చేముందు తీసిచ్చేస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

లైబ్రేరియన్ ఆకాశం వంక చూశాడు, అతని వంక చూశాడు. "అమ్మా, మీరు చెప్పండి. మీరు సరేనంటే నేను కాదనను" అన్నాడు అత్తతో.

దీని కోసం ఇంటింటికీ తిరిగి మాటలు పడ్డ మనిషి ఆమె. ఆమె సరేనంటుందనే అందరం అనుకున్నాం. నేనైతే అనమని మనసులో మొక్కుకున్నాను.

అత్త లేచి వచ్చి అతని పక్కన నిలబడింది. "మీ అమ్మకిచ్చిన మాట తీరిందిరా. ఈయనకిచ్చింది ఇంకా ఉంది. ఒక్క పూట, ఈ ఇంట్లో అన్నాను."

"అత్తా..."

"వదులు నాన్నా. దారిలో తడిస్తే మీ అమ్మ రాసింది ఇక ఎవరికీ కనబడదు."

అతను వదల్లేదు. అత్త అతని వేళ్ళు ఒక్కొక్కటిగా తనే విప్పింది. గుడ్డను తనే రెండు చేతులతో ఎత్తి పలక మీదికి జరిపింది. నేను పైపలక వేసి బిగించాను. వాన మొదలయ్యేలోగా వ్యాను వెళ్ళిపోయింది. అప్పుడు అత్త లోపలికొచ్చి, పెద్దమ్మ ఒంటి మీద తెల్లదుప్పటి సరిచేసి, ఆ నీలిగోళ్ళ చెయ్యి పట్టుకుని, గదిలో అంతమంది ఉన్నారని కూడా చూడకుండా పెద్దగా ఏడ్చింది.